బోర్లా నేసిన కలలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన గొడవంతా ఒక్క విషయం మీదే. మా మామకు వచ్చిన కల ఎవరిది? నవ్వకండి. అప్పుడు లోకమంతా రేషన్ కోసమో, ఊరికి పోయే బండి కోసమో తన్నుకుంటోంది. మేం మాత్రం ఒక కల కోసం తన్నుకున్నాం.

లాక్‌డౌన్ మొదలైన కొత్తలో సూరత్‌లో మేముండే ఉధ్నాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. రోగభయంతో అనుకునేరు, కాదు. చప్పుడు లేక. మా గల్లీకి ముందూ వెనకా సాంచాలే. బయటివాళ్లు పవర్‌లూమ్ అంటారు, మావాళ్లు సాంచా అంటారు. నేను పుట్టి పెరిగింది ఆ చప్పుడులోనే. నా పెళ్లిలో అయ్యగారు చదివిన మంత్రాలు ఆ చప్పుడుకు ఆయనకే వినపడలేదు. అలాంటిది సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయేసరికి గల్లీ అంతా నీళ్లలో మునిగినట్టయింది. మనుషులు మెల్లగా నడిచారు. పావురం రెక్క కొడితే అందరం తలెత్తి చూశాం.

తర్వాత నిద్ర వచ్చింది. నిద్రతో పాటు కలలొచ్చాయి.

రాత్‌పాళి చేసే మనిషికి కలలుండవు. రాత్రంతా సాంచా ముందు నిలబడి, పొద్దున రేకుల గదిలో ఇంకొకడు లేచి వెళ్లిన పరుపు మీద పడి తీసేది నిద్రా అది? మా మామ, అంటే మా ఆయన తండ్రి రాజమల్లు, సిరిసిల్ల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చినప్పటి నుంచీ రాత్‌పాళే. గల్లీలో సగం మంది మగవాళ్లది అదే పాళి. వాళ్లంతా చీకటి పడ్డాక పడుకుని తెల్లారాక లేవడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లూ ఎక్కడ దాక్కున్నాయో ఆ కలలు, గల్లీ మీద వచ్చి పడ్డాయి.

పొద్దున నల్లా దగ్గర సుద్దతో గీసిన గుండ్రాల్లో బిందెలు పెట్టుకుని నిలబడి, మూతికి గుడ్డలు కట్టుకుని, ఒకరికొకరు కలలు చెప్పుకునేవాళ్లు. చెప్పుకోవడమంటే అరవడమే. సాంచాల మీద బతికినవాళ్లకు గుసగుస చేతకాదు. ఆ నిశ్శబ్దంలో వాళ్ల కలలు మూడో అంతస్తు దాకా వినపడేవి. మా అత్త వెంకటవ్వ నల్లా పక్కన జడ్జిలా నిలబడేది. పీడకలైతే ముందు పారే నీళ్లకు చెప్పాలి, ఆ తర్వాతే మనుషులకు చెప్పాలి. ఇది ఆమె రూలు.

"మంచిదా, చెడ్డదా?" అని అడిగేది ఒక్కొక్కరినీ.

"తెల్వదు వెంకటవ్వా. రైలు అగ్గిపెట్టెంత ఉండె" అన్నాడు ఒకరోజు ఎదురింటి పరుశురాం. పెళ్లి కాని పిల్లవాడు, నన్ను వదినె అని పిలుస్తాడు. "అండ్ల మన గల్లీ అందరు కూసున్నరు. నేను దాన్ని అంగి జేబుల వెట్టుకొని ఊరికి నడిచిన."

"టికెట్ అడిగిండ్రా?"

"అడిగిండ్రు. రైలే నా జేబుల ఉన్నది గదా, నేనే అందరిని అడగాలె అని చెప్పిన."

"మంచిదే. నల్లాకు చెప్పుడు అక్కర్లేదు. బిందె జరుపు" అంది మా అత్త.

ఇక నా సంగతి. నేను ముంబైలో ఒక కామిక్స్ కంపెనీకి హిందీలో కథలు రాసేదాన్ని. వాళ్ల హీరో పేరు లోహజిత్. ఇనుప ఒళ్లు, ఎర్రటి వస్త్రం వీపున ఎగురుతూ ఉంటుంది. "వీడేందే, ఎప్పుడు సూడు పెండ్లికి పోతున్నట్టు కండువేసుకుంటడు?" అని మా అత్త వెక్కిరించేది. లోహజిత్‌కు జ్వరం రాదు, ఆకలి కాదు, బట్టలు మాయవు. నాకంటే ముందు ఎందరో రాశారు, నా తర్వాత ఎందరో రాస్తారు. ఎవరి పేరూ పుస్తకం మీద ఉండదు. బాడుగింటి బతుకు లాంటిది, గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి. అయినా నాకు పని ఇష్టమే. అబద్ధమెందుకు, ఆ పేరు లేకపోవడం మాత్రం కడుపులో మండుతూనే ఉండేది.

ఆ నెల కంపెనీ ఒక మాట చెప్పింది. లోహజిత్ రోగరాక్షసుణ్ణి చంపాలట. రాద్దామని కూర్చుంటే ఒక్క ముక్క కదల్లేదు. బయట నల్లా దగ్గర జేబులో రైలు పెట్టుకుని ఒకడు నడుస్తుంటే ఇనుప ఒళ్లు ఎవరిక్కావాలి? విసుగొచ్చి పరుశురాం కలను రెండు పేజీల కథగా రాసి, మా ఆయన సంపత్ చేతికిచ్చాను.

సంపత్ సలాబత్‌పురాలో ఒక దుకాణానికి చీరల డిజైన్లు గీసేవాడు. దుకాణం మూసేశారు కాబట్టి ఇంట్లో కూర్చుని గోడల మీది మరకలకు పూలు కలుపుతున్నాడు. కథ ఇవ్వగానే పండగలా గీశాడు. గీసి చూపిస్తే అందరూ ఎడమచేతివాళ్లే. ఎడమచేత్తో బిందె, ఎడమచేత్తో బువ్వ, ఎడమచేత్తో దండం కూడా.

"ఇదేంది, గల్లీ గల్లీ ఎడమచెయ్యి?" అన్నాను.

సంపత్ నాలుక్కరుచుకున్నాడు. చీరను మా దగ్గర బోర్లా నేస్తారు. ముఖం కిందికి, వీపు పైకి. అందుకని తను ఏది గీసినా కుడి ఎడమలు తిప్పి గీస్తాడు, నేసి తిరగేస్తే సరిగ్గా కనపడాలని. ఇన్నేళ్ల అలవాటు చేతిలో కూర్చుండిపోయింది. మళ్లీ గియ్యమంటే మళ్లీ అలాగే గీశాడు. వదిలేశాం.

నవ్వుకోవడానికి ఆ పేజీలను ముంబైలో మా ఎడిటర్ అంబదాస్ గారికి ఫోన్‌లో పంపాను. ఆయన సోలాపూర్ తెలుగాయన. వెంటనే ఫోన్ చేశాడు.

"సంగీతమ్మా, మీ గల్లీల కుడిచెయ్యోడు ఒక్కడు గూడ లేడా?"

బోర్లా నేత సంగతి చెప్పబోయాను.

"నాకు చెప్తున్నవా? మా తాత సోలాపూర్ల చాదర్లు నేసెటోడు. మంచిగుందమ్మా, ఇంకుంటే పంపు" అని పడీ పడీ నవ్వాడు.

అప్పుడొచ్చింది మా మామ కల. మామకు మాటలు తక్కువ. ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ, గ్లాసు వంక చూస్తూ, మొదలుపెట్టాడు. మెల్లగా చెబుతున్నాననుకున్నాడు గానీ పక్కింటివాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"సాంచాకెల్లి బట్ట వస్తనే ఉన్నది. ఆగుతలేదు. కిటికీలకెల్లి బయటికి పోయింది. స్టేషన్ మీదికెల్లి, తాపీ నది మీదికెల్లి, ఆకాశంల పోతనే ఉన్నది. నేను దాని కిందికెల్లి నడుస్తున్న. పైకి చూస్తే ముఖం దిక్కు కనవడ్డది. అబ్బో, ఏం పూలు! గిన్నేండ్లు నేసిన గని నేనెన్నడు వీపు తప్ప చూడకపోతి. గట్ల నడుస్తుంటె ముంగట ఒక ఆడామె పోతున్నది. ఆ బట్టే కట్టుకున్నది."

"ఎవరామె?" అంది మా అత్త. చేతిలో పప్పు గరిటె ఆగిపోయింది.

"నువ్వే."

"నేనేనని నీకెట్ల తెలుసు?"

"నడక నీదే."

"మొఖం చూశినవా?"

"లేదు. మెలకువొచ్చింది."

గుమ్మంలో వాళ్లంతా గొల్లుమన్నారు. మా అత్తకు మండింది. "గిన్నేండ్ల కాపురంల నా మొఖం చూడ తీరకపాయె నీకు. పొద్దున నువ్వొచ్చి పడుకునేటాల్లకు నేను పనికి పోవుడు, నేనొచ్చేటాల్లకు నువ్వు పోవుడు. కలల గూడ గంతేనా?" అని గరిటెతో గిన్నె మీద కొట్టింది. కోపమే, కాదనను. కానీ ఆ రాత్రి పడుకునే ముందు ఆమె ముఖం కడుక్కుని, పసుపు రాసుకుని, బొట్టు పెట్టుకుని పడుకోవడం నేను చూశాను. తెల్లారగానే "కనవడ్డదా?" అని అడిగింది. మామ తల అడ్డంగా ఊపాడు.

ఆ కల కూడా రాశాను. సంపత్ గీశాడు. ఆకాశమంతా బట్ట, కింద చిన్న మనిషి, ముందు వెళ్లిపోతున్న ఆడమనిషి వీపు. చివరి పేజీ ఖాళీగా ఉంచాం. పంపిన సాయంత్రమే అంబదాస్ గారు ఫోన్ చేశాడు. ఈసారి నవ్వు లేదు, గొంతులో ఉత్సాహం.

"మా శేఠ్‌కు చూపెట్టిన. ఎగిరి గంతేసిండు. ఇగ విను. లోహజిత్‌ను లోపలికి తీస్కరా. ప్రతి కలలకు దూకుతడు, మనిషిని కాపాడ్తడు. ఆఖరుకు ఆ ఆడామె మొఖం వాడే తిప్పుతడు. వరుసగా ఏడాది పొడుగున వేస్తం. కవర్ మీద నీ పేరమ్మా. గింత గింత పెద్ద అక్షరాలు."

"కలలు ఎవరివైతయి సార్?"

"కంపెనీవి. పరుశురాం పేరు, మీ మామ పేరు ఉండయి. లోహజిత్ ఉన్న ప్రతిదీ కంపెనీదే. కాగితంల గట్లనే ఉంటది, నాకు గూడ గంతే."

ఫోన్ పెట్టేసి డాబా మీదికి వెళ్లాను. కూజాలో వేలు ముంచి సిమెంటు మీద నా పేరు రాసుకున్నాను, గింత గింత అక్షరాలతో. ఎండకు ఆరిపోయింది. మళ్లీ రాశాను. ఎంత బాగుందో చెప్పలేను.

సంపత్ మాత్రం ఒప్పుకోలేదు.

"గిది మనదైతెనే గీస్త" అన్నాడు.

"మనది అని పెట్టుకొని ఏం జేస్తం? పప్పుల వేస్తమా? సాంచాలు బంద్, నీ దుకాణం బంద్. ఇంట్ల నడుస్తున్నది నా ఒక్క పనే, యాదున్నదా?"

"ఉన్నది. సలాబత్‌పురాల నేను గీసిన పూలు ఏ చీరల మీద ఉన్నయో నాకే తెల్వదు. పొద్దున గీస్తే మాపటికి ఇంకో దుకాణంల వేలాడుతది. ఎన్నడన్న లొల్లి పెట్టిననా? పూలే గదా అని ఊకున్న. గిది మా నాయిన కల సంగీతా."

"అయితే నా పేరు? అది ఎవనిక్కావాలె?"

సంపత్ పెన్సిల్ పక్కన పెట్టి గోడవైపు తిరిగాడు. నాలుగు గోడల మధ్య బయటికి పోవడానికి లేని రోజుల్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోకపోతే ఎలా ఉంటుందో తెలుసా? ఉప్పు కావాలన్నా అత్త ద్వారా అడుక్కున్నాం. ఆమె విసిగి ఉప్పు డబ్బా మా ఇద్దరి మధ్య పెట్టి వెళ్లిపోయింది.

నేను పంతం పట్టి లోహజిత్ కథ రాసేశాను. బాగానే రాశాను. దూదిరాక్షసుడు చీరను చుట్టచుట్టి ఆడమనిషిని ఎత్తుకుపోతాడు. మెరుపులో లోహజిత్ దిగుతాడు. రాక్షసుణ్ణి పీచు పీచు చేసి, ఆమెను కిందికి దించి, చేయి పట్టి ఇటు తిప్పుతాడు. ముఖం కనపడుతుంది. ఆ సాయంత్రం డాబా మీద చదివి వినిపించాను. చుట్టుపక్కల డాబాల మీద అందరూ చాపలేసుకుని కూర్చున్నారు. గాలి చల్లబడింది, ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. చదవడం అయ్యాక చప్పట్లు కొట్టారు. పరుశురాం ఈలేశాడు.

మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చప్పట్లు ఆగాక అన్నాడు.

"మంచిగున్నది బిడ్డా. కని గా కలల వాడు లేకుండె."

"కథ కోసం పెట్టిన మామా."

"ఔ, కథకు ఉండాలె గావచ్చు" అన్నాడు. "వాడే చూస్తే, ఇగ నేనేం చూడాలె?"

కోపంగా అనలేదు. అడగాలనిపించి అడిగాడు, అంతే. తర్వాత లేచి నీళ్లు తాగడానికి కిందికి వెళ్లాడు. పక్క డాబా మీద ఎవరో పాట అందుకున్నారు. నేను ఫోన్ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున అంబదాస్ గారికి నేనే ఫోన్ చేశాను.

"కలలు ఇయ్యను సార్. లోహజిత్‌ను వేరేవాళ్లకు ఇయ్యండి, నాతోని కాదు."

"ఆలోచించుకున్నవా? మళ్ల మళ్ల అడగరు."

"అడగకుంటె అడగకపోండ్రి."

ఆయన నిట్టూర్చాడు. "మరి ఆఖరు పేజీ ఏం జేస్తవు?"

"మామకు మొఖం కనవడ్డనాడు గీస్తం."

"కనవడకపోతె? ఏ కంపెనీ గట్ల ఆగదమ్మా."

"అందుకే సార్, మేం ఆగుతం."

"అచ్చేసినంక నాకొకటి పంపు" అన్నాడు చివరికి. నిజం చెప్పాలంటే ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. మంచి పని చేశానని కాదు, నా పేరు కోసం. సంపత్ వచ్చి ఉప్పు డబ్బా పక్కకు జరిపి కూర్చున్నాడు.

మే నెల చివర సూరత్ బయట కామ్‌రేజ్ దగ్గర ఊరికి పోయే బస్సు దొరుకుతుందని పరుశురాం బయల్దేరాడు. మూటతో మా గుమ్మంలో నిలబడి మొహమాటపడ్డాడు.

"వదినె, నా కల కాయితం ఇస్తవా? ఇంట్ల చూపెడ్త."

సంపత్ తాను గీసిన అసలు కాగితమే ఇచ్చాడు. నకలు ఫోన్‌లో ఉంది లెమ్మన్నాడు.

"నా పేరు రాసిండ్రా అండ్ల?"

"కిందనే రాసినం, చూడు. కల కన్నది పరుశురాం."

చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, అంగీ జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక తనకే తట్టి నవ్వాడు. "బస్సుల రైలు తీస్కపోతున్న" అన్నాడు. వాడు గల్లీ మలుపు తిరిగేదాకా డాబా మీద నుంచి చేతులూపాం.

మిగిలినవాళ్ల కలలు రాస్తూనే ఉన్నాను. ఒకరికి సాంచాలో నుంచి వాన కురిసింది. ఒకామెకు గల్లీలో అందరి కిటికీలూ ఒకే గదిలోకి తెరుచుకున్నాయి. మామకు మాత్రం అదే కల, ఎప్పుడూ వీపే. "నిన్న కొంగు దాక వచ్చిన" అనేవాడు పొద్దున్నే. మా అత్త బొట్టు సరిచేసుకునేది.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం చినుకుల మధ్య ఎక్కడో ఒక సాంచా మోగింది. గల్లీ అంతా బయటికొచ్చి విన్నాం. మర్నాటికి ఇంకొన్ని. వారం తిరక్కుండానే మామకు కబురొచ్చింది, రాత్‌పాళికి రమ్మని. ఇల్లు గడవాలంటే అది మంచి కబురే. కానీ సంపత్, నేను మొహమొహాలు చూసుకున్నాం. రాత్‌పాళి అంటే ఇక కలలు లేనట్టే.

"ఇగ రాదు బిడ్డా" అన్నాడు మామ కూడా, చెప్పులు తొడుక్కుంటూ. "ఖాళీగనే ఉంచుండ్రి."

అప్పుడు మా అత్త లోపలి గదిలో నుంచి వచ్చింది. ఆమె ఒంటి మీద ఒక కొత్త చీర. ఎప్పుడో దసరాకు మామ తన సాంచా మీద నేసిన చీరే శేఠ్ దగ్గర అడిగి తెచ్చాడు. ఆ పాలిస్టరుకు ఒళ్లు మండుతుందని, నాకు నూలు చీరలే మేలని, ఆమె దాన్ని మడత కూడా విప్పలేదు. ఈరోజు కట్టుకుంది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మూతికి గుడ్డ కట్టుకుని, మామ టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని, "నడువు, టైమైతున్నది" అని తనే ముందు మెట్లు దిగింది.

సంపత్, నేను డాబా అంచుకు పరిగెత్తాం. వాన వెలిసి, కింద గల్లీ తడిగా మెరుస్తోంది. ముందు మా అత్త, వెనక మామ. చీర మీద పూలు నడకకు ఊగుతున్నాయి. ఆమె వెనక్కి తిరగలేదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి మామ ఆగిపోయాడు.

"వెంకటీ!"

సాంచాల మనిషి కదా, గల్లీ మొత్తానికి వినపడింది. కిటికీలు తెరుచుకున్నాయి. ఆమె ఆగి, ఇటు తిరిగింది.

"గది తియ్యి" అన్నాడు మామ, తన మూతి మీద చేయి పెట్టి చూపిస్తూ.

ఆమె గుడ్డను కిందికి లాగింది. మామ చూశాడు. ఎంతసేపో చెప్పలేను. తర్వాత ఆమె చేతిలో నుంచి డబ్బా తీసుకుని, సాంచాల చప్పుడు వైపు వెళ్లిపోయాడు. నా పక్కన సంపత్ అప్పటికే పిట్టగోడ తడి మీద వేలితో గీస్తున్నాడు.

ఆ కలలు దీపావళి దాటాక అచ్చయ్యాయి. సలాబత్‌పురాలో చీరల క్యాటలాగులు అచ్చేసే శేఠ్ ఒకాయన చెడిపోయిన కాగితాలు ఇచ్చాడు. ఒకవైపు చీరలు కట్టిన మోడల్ పిల్లలు, ఇంకోవైపు మా కలలు. అట్ట మీద కల కన్నవాళ్ల పేర్లన్నీ వేసి, కింద రాసినది సంగీత, గీసినది సంపత్ అని వేశాం. గింత గింత అక్షరాలు కాదు, మామూలువే. అంబదాస్ గారు తనకొకటి, వాళ్ల నాయినకొకటి కొనుక్కున్నాడు. లోహజిత్‌ను ఇప్పుడు ఎవరో రాస్తున్నారు. ఉధ్నా స్టేషన్‌లో పుస్తకాల కొట్టు దగ్గర కనిపించాడు ఒకసారి, బాగానే ఉన్నాడు.

మొదటి పుస్తకం మా అత్తకే ఇచ్చాం. ఆమె ఒక్కొక్క పేజీ తిప్పుతూ, వెనకవైపు మోడల్ పిల్లల చీరలకు కూడా వంకలు పెడుతూ, చివరి పేజీకి వచ్చింది. తడి గల్లీ, పూల చీర, కిందికి లాగిన గుడ్డ, ఆమె ముఖం. పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నా ముక్కుపుల్ల ఎడమ దిక్కు గదరా. నువ్వు కుడి దిక్కు వెట్టినవు. తల్లి ముక్కు గూడ తెల్వదా నీకు?"

సంపత్ మొహం పాలిపోయింది. మళ్లీ అదే అలవాటు. "దిద్దుత అవ్వా, మిగిలినవాటిల్ల దిద్దుత" అని పెన్సిల్ కోసం లేచాడు.

మామ పాళికి బయల్దేరుతున్నవాడు ఆగి, ఆమె భుజం మీదుగా పేజీలోకి వంగి చూశాడు.

"ఉండనియ్యిరా" అన్నాడు. "సాంచా ముంగట నేను నిలవడ్డ కాడికెల్లి అన్ని గట్లనే కనవడ్తయి."

మా అత్త పుస్తకం మూసి, డబ్బా అందుకుని, ముందు మెట్లు దిగింది. ఇప్పటికీ మా పుస్తకంలో ఆమె ముక్కుపుల్ల కుడివైపే ఉంది.